కట్టుంటే ప్రభ, లేకుంటే కర్ర

మా అమ్మాయి గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఒక శనివారం పుస్తకాల సంచీతో ఇంటికొచ్చింది. మిరపకాయలకి తొడిమలు తీస్తున్న నా పక్కన కూలబడి పెద్దగా చదవడం మొదలుపెట్టింది. దానికి నోటితో చదివితేగాని తలకెక్కదు. దేశాలు ఆయుధాలు తగ్గించుకోవడానికి ఒప్పందాలు ఎలా చేసుకుంటాయో ఆ పాఠంలో ఉంది. ఎవరి దగ్గర ఏముందో ఇద్దరూ చెప్పుకోవాలట. చెప్పింది నిజమో కాదో అవతలివాళ్ళు వచ్చి చూసుకోవాలట. మామూలు పనికీ యుద్ధానికీ రెండింటికీ పనికొచ్చే వస్తువులతోనే అందరికీ తలనొప్పి అట. నేను తొడిమలు తీయడం ఆపేశాను.

"ఇదంతా మన మాస్టారు చెప్పిందేగా" అన్నాను.

"అమ్మా, ఇది అమెరికా, రష్యాల గురించి."

"అయితే ఏంటంట? వాళ్ళకీ ఒక మాస్టారు ఉండే ఉంటాడు."

అది పుస్తకం మూసేసి నవ్వింది. అప్పటికే పై బజారు నుంచి ఒక కోడలు, కింది బజారు నుంచి ఒక కోడలు నా దగ్గరికి దించుడు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని. ఒకసారి మొదటి నుంచి చెబితే బాగుంటుందని ఆ రోజే అనిపించింది.

మా ఊరికి ప్రత్తిపాడు దాటి లోపలికి రావాలి. నల్లరేగడి నేల, పత్తి, మిరప. ఊళ్ళో రెండు బజార్లు, పై బజారు, కింది బజారు. పేరుకే పై బజారు. వానొస్తే రెండూ ఒకేలా బురదవుతాయి. నేను కింది బజారులో పుట్టి పై బజారు కోడలినయ్యాను. అప్పగింతల్లో నేను ఏడుస్తుంటే మా ఆయన, ఎందుకేడుస్తావు, మీ అమ్మ తుమ్మితే మా ఇంట్లో వినబడుతుంది అన్నాడు. నిజమే, వినబడుతుంది.

శివరాత్రికి రెండు బజార్లూ చెరొక ప్రభ కడతాయి. వెదురుగడలతో తాడిచెట్టంత చట్రం అల్లి, రంగు గుడ్డలు చుట్టి, బల్బులు పెట్టి, ఎడ్లబండి మీద నిలబెట్టి ఊరి చివర శివాలయం దాకా లాక్కెళతారు. ఎవరి ప్రభ ముందు వెళ్ళాలన్నదే గొడవ. ఏడాదికొకరు అని మాస్టారు ఎప్పుడో తేల్చారు. అయినా వెనక వెళ్ళేవాళ్ళకి మంట, ముందు వెళ్ళేవాళ్ళకి పొగరు. ఆ మంట, ఆ పొగరు శివాలయం మలుపు దగ్గర కలుసుకుంటాయి. అక్కడ తలకాయలు పగిలేవి.

మాస్టారు ఊరి పక్కన పల్లెలో ఉండేవారు. చర్చి పక్క ఇల్లు. మిషను బడిలో చదువుకుని, మా ఊరి బడికే హెడ్మాస్టరుగా వచ్చి అక్కడే రిటైరయ్యారు. రెండు బజార్ల పెద్దమనుషుల చేతా చిన్నప్పుడు గోడకుర్చీ వేయించిన మనిషి. ఆయనకి ప్రభ లేదు, శివరాత్రి లేదు. అందుకే ఇద్దరూ ఆయన మాట వినేవాళ్ళు.

ఏటా శివరాత్రికి ముందు ఆయన ఆ ఇద్దరు పెద్దల్నీ బడి వరండాలో కూర్చోబెట్టేవారు. దాన్నే దించుడు అనేవాళ్ళు, అంటే కర్రలు దించడం. దాన్ని రాజీ అంటే మాస్టారికి కోపం వచ్చేది. రాజీ అంటే ఎవడో ఒకడు తగ్గినట్టుంటుంది, దించుడు అంటే ఇద్దరూ కలిసి దించినట్టుంటుంది అనేవారు. రెండు బజార్ల కర్రలు, బరిసెలు అన్నీ ఒకే పూట తెచ్చి బడిలో ఒక గదిలో పెట్టేవాళ్ళు. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం అంటే కుదరదు. ఆ గది తలుపుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి పై బజారు పెద్ద మొలతాడుకి, రెండోది కింది బజారు పెద్ద మొలతాడుకి. ఇద్దరూ వస్తేగాని గది తెరుచుకోదు. తాతల నాటి కర్ర తారుమారవుతుందని మగాళ్ళకి బెంగ. అందుకని పై బజారు కర్రలకి పిడుగురాళ్ల సున్నంతో ఒక పట్టీ, కింది బజారు కర్రలకి ఎర్ర జాజుతో ఒక పట్టీ వేసేవాళ్ళు. పండగ మర్నాడు ఎవరి కర్ర వాళ్ళు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికెళ్ళేవాళ్ళు.

అక్కడితో అయిపోదు. తిరునాళ్ల ఉదయం తనిఖీ. కింది బజారు మనిషి వచ్చి పై బజారు ప్రభని, పై బజారు మనిషి వెళ్ళి కింది బజారు ప్రభని ఒక్కొక్క గడా లాగి చూస్తారు. ప్రభకి బోలెడు వెదురుగడలు ఉంటాయి. వాటిలో కొన్నిటిని తాడుతో కట్టకుండా ఊరికే దూర్చిపెట్టి, అవసరమైనప్పుడు సర్రున లాగి వాడుకోవడం మా ఊరి పాత విద్య. దానికి మాస్టారి సూత్రం ఒకటే. కట్టుంటే ప్రభ, కట్టు లేకుంటే కర్ర. కట్టులేని గడ ఏది కనబడినా దాన్ని గదిలోకి పంపేవారు.

ఇలా ఏళ్ళ తరబడి సాగింది. తర్వాత ఒక ఏడు శివరాత్రి ముందే మాస్టారు శుక్లాల ఆపరేషన్‌కి గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. ఎలా చెయ్యాలో మీకు తెలుసుగా, చేసుకోండి అని ఇద్దరు పెద్దలకీ చెప్పి వెళ్ళారు. ఎలా చెయ్యాలో తెలుసు. ముందు ఎవరు పిలవాలి? ముందు పిలిచినవాడు తగ్గినట్టని ఇద్దరూ ఊరుకున్నారు. ఆ ఏడు గది ఖాళీగా ఉంది. మలుపు దగ్గర ముందు సోడా సీసాలు లేచాయి, తర్వాత కర్రలు లేచాయి. మా ఆయన తలకి కుట్లు పడ్డాయి. మా తమ్ముడి మణికట్టు విరిగింది. ఆ దుమ్ములో ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరూ చూడలేదు. కానీ తన తల పగలగొట్టింది బావమరిదేనని మా ఆయన నమ్మకం. తన చెయ్యి విరిచింది బావేనని మా తమ్ముడి నమ్మకం. ఇద్దరికీ మాటలు పోయాయి. అమ్మ తుమ్ము వినబడేది గాని అమ్మ మా ఇంటికి రావడం మానేసింది.

మరుసటి ఏడు ఇంకోసారి రక్తం కారితే ప్రభలు పూర్తిగా ఆపేయిస్తానని ఎస్సై చెప్పి వెళ్ళాడు. ఊరికి అదే బెంగ. నా బెంగ వేరు. మా అమ్మాయికి ఓణీలు వేసే వయసు వచ్చింది. ఓణీ మేనమామ తేవాలి, మేనమామే చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాలి. ఉగాది దాటాక చేద్దామని మా అత్తయ్య ముహూర్తం కూడా అడిగొచ్చింది. నాకున్నది ఒక్క తమ్ముడు. బావ ముందు మాట్లాడితే వస్తానని వాడన్నాడు. వాడు ముందు మాట్లాడితే రానిస్తానని మా ఆయనన్నాడు. మధ్యలో శివరాత్రి ఉంది. ఈసారి కూడా కొట్టుకున్నారంటే నా కూతురికి ఇక మేనమామ లేనట్టే. రాత్రుళ్ళు అదే ఆలోచన. కోపంతో అన్నం గిన్నెలు ఇద్దరికీ వినబడేలా చప్పుడు చేస్తూ తోమేదాన్ని.

మిరప మొదటి కోత అయ్యాక మాస్టారు కబురు పెట్టారు. వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వాళ్ళింటి వరండాలో కూర్చున్నారు.

"నిన్ను నేను గోడకుర్చీ ఎప్పుడైనా వేయించానా?" అన్నారు.

"లేదండి."

"అదే నేను చేసిన పొరపాటు. ఇప్పుడు వేయిస్తాను. ఆపరేషన్ అయినా నాకు చూపు ఆనడం లేదు, గడలకి కట్టుందో లేదో తెలీదు. ఈ ఏడు దించుడు నువ్వు చెయ్యి."

"నేనా? నా మాట ఎవరు వింటారండీ?"

"పై బజారు పెద్ద నీకు పెదమావయ్య. కింది బజారు పెద్ద నీకు బాబాయి. ఎవరు నిన్ను కసిరినా రెండో బజారు వాళ్ళు మా పిల్లని కసిరాడంటారు. నాకు ఆ సుఖం ఏనాడూ లేదు."

అలా ఆ వరండాలో నా చదువు మళ్ళీ మొదలైంది. మాస్టారి భార్యని మేము అమ్మగారు అనేవాళ్ళం. కొత్తపట్నం వైపు మనిషి, గొంతు పెద్దది. మాస్టారు మా బాబాయి వేషం కట్టేవారు, అమ్మగారు భుజాన తువ్వాలేసుకుని మా పెదమావయ్య అయ్యేది. నేను మధ్యలో కూర్చోవాలి. ఆవిడ మా పెదమావయ్య కంటే బాగా తిట్టేది. "ఏంది పిల్లా, మేం దించాలా? మా తాతలు దించారా?" అని తొడ కొట్టేసరికి నాకు నవ్వాగేది కాదు. నవ్వితే మాస్టారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టించేవారు. ఒకరోజు నేను నిజంగానే కోపమొచ్చి, ఇద్దరూ కొట్టుకు చావండి అని లేచి వచ్చేశాను. ఆయన మెచ్చుకున్నారు. అప్పుడప్పుడు అలా లేచి వెళ్ళిపోవాలి, కానీ చెప్పులు అక్కడే వదిలి వెళ్ళాలి, అప్పుడే తిరిగి రావడానికి సాకు ఉంటుంది అన్నారు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. నీ దగ్గర ఏమున్నాయి అని అడిగితే ఎవడూ చెప్పడు. మీకు భయమెందుకు అని అడిగితే అసలే చెప్పడు. అవతలివాళ్ళు మిమ్మల్ని చూసి దేనికి భయపడతారు అని అడుగు. గొప్పకి పోయి దాచుకున్నవన్నీ వాడే ఒప్పజెబుతాడు అన్నారు. ఇంకొకటి వేరుశనక్కాయలు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒక పళ్ళెం నిండా పెట్టాలి. కాయలు ఒలుస్తున్న మనిషి వేలు చూపించి బెదిరించలేడు. అది నేను మా ఇంట్లో మా ఆయన మీద ప్రయోగించి చూశాను. బాగానే పనిచేసింది.

దించుడు రోజు రానే వచ్చింది. మాస్టారు రాలేదు. వస్తే అందరూ ఆయన్నే చూస్తారని కావాలనే రాలేదు. పెదమావయ్య బడి వరండా మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఏందమ్మాయ్, మాస్టారేడి? ఆ కుర్చీలో నువ్వు కూర్చున్నావేంది?"

"ఖాళీగా ఉంటే బాగోదని కూర్చున్నానండి. రండి, కాయలు వేడిగా ఉన్నాయి."

బాబాయి అప్పటికే వచ్చి ఒలుస్తున్నాడు. ఆయన్నే ముందు అడిగాను.

"బాబాయ్, పై బజారు వాళ్ళు మిమ్మల్ని చూసి దేనికి భయపడతారంటావు?"

"దేనికేందే? మా పడమటింటి వాళ్ళ దగ్గర ఇనప పొన్నుకర్రలున్నయ్యి. చూస్తే చాలు, జ్వరం వచ్చుద్ది."

"మరి మా పాత బరిసెల సంగతో?" అన్నాడు పెదమావయ్య, తన వంతు రాకముందే.

ఇద్దరూ పోటీలు పడి చెబుతుంటే నేను కాయలు ఒలుచుకుంటూ వింటున్నాను. పళ్ళెం సగమయ్యేసరికి ఎవరింట్లో ఏముందో తెలిసిపోయింది. సోడా సీసాల సంగతి తేలిక. సోడాబండి అతను ఈ ఏడు స్టీలు గ్లాసుల్లో సుగంధి అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఎడ్లని తోలే ముల్లుకర్ర దగ్గర మాత్రం మాటల బండి ఆగిపోయింది.

"ముల్లుకర్ర లేకుండా ఎడ్లు ఎట్టా కదుల్తయ్యి? అది పనిముట్టు" అన్నాడు పెదమావయ్య.

"మావాడి చెయ్యి విరిచింది ఆ పనిముట్టే" అన్నాడు బాబాయి.

ఒలవడం ఆగింది. వేళ్ళు లేచాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను, చెప్పులు కూడా చూసుకున్నాను. అప్పుడు మా పొలంలో నాగలి దగ్గర విరిగిపోయిన ముల్లుకర్ర గుర్తొచ్చింది. మా ఆయన ఆ ముక్కతోనే నాలుగు రోజులు ఎడ్లని తోలాడు.

"ముల్లు పీకేద్దాం. కర్ర మూరెడుకి కోసేద్దాం. మూరెడు కర్రతో ఎద్దుని అదిలించొచ్చు. మనిషిని కొట్టాలంటే మాత్రం వాణ్ణి కావలించుకోవాలి" అన్నాను.

ముందు బాబాయి నవ్వాడు. తర్వాత పెదమావయ్య, నవ్వకూడదనుకుంటూనే నవ్వాడు. ఆ ఏడు ముందు వెళ్ళే వంతు కింది బజారుది. వెనక వచ్చే ప్రభకి గుడి ముందు ఎక్కువసేపు నిలబడే హక్కు ఇచ్చాను. ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి ఇద్దరికీ ఒక గొప్ప ఉండాలన్నది కూడా మాస్టారి పాఠమే. సాయంత్రానికి కర్రలు గదిలో చేరాయి. సున్నం పట్టీలు, జాజు పట్టీలు పక్కపక్కన. రెండు తాళాలూ పడ్డ చప్పుడు వింటుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చాలా గర్వపడ్డాను.

ఆ గర్వం తిరునాళ్లకి రెండు రోజుల ముందు దాకా ఉంది. ఆ రోజు మధ్యాహ్నం వంటింట్లోకి వెళితే మా అత్తయ్య పాత న్యూస్‌పేపర్ ముక్కల్లో కొత్త కారం పోసి పొట్లాలు కడుతోంది.

"ఎవరికి అత్తయ్యా?"

"ఎవరికేంది, నాకే. ఒకటి బొడ్లో ఉంచుకుంటా. మిగతావి ఇరుగుపొరుగు ఆడాళ్ళకి."

"ఎందుకు?"

"ఊరికే. జాగ్రత్తకి. కర్రలన్నీ లోపల పెట్టించావుగా, మరి మనోళ్ళ మీదకొస్తే మేం ఏం పట్టుకోవాల?"

కింది బజారుకి పరిగెత్తాను. మా అమ్మ కొంగు ముడి చూస్తే అందులోనూ ఒక పొట్లం. నన్ను కని పెంచిన మనిషి. అడిగితే, మీ అత్త మీద నాకేం కోపం లేదు, గాలి ఎటు తిరుగుద్దో ఎవరికి తెలుసు అంది.

ఊళ్ళో ప్రతి కల్లంలో మిరపకాయలు ఎర్రటి చాపలా పరిచి ఉన్నాయి. ప్రతి ఇంట్లో కారం ఉంది. బరిసెల్ని లెక్కపెట్టాం, సోడా సీసాల్ని లెక్కపెట్టాం, గుంటూరు జిల్లాలో ఉండి కారాన్ని లెక్కపెట్టలేదు. రోజూ కూరలో వేసేది కాబట్టి కంటికి ఆనలేదు. పైగా కారం గురించి ఏ మగాడూ గొప్పలు చెప్పుకోడు. నేను మగాళ్ళనే అడిగాను. ఆడదాన్నై ఉండి ఆడవాళ్ళని అడగలేదు.

మాస్టారి దగ్గరికి వెళ్ళి ఏడుపు గొంతుతో చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. అమ్మగారు మంచినీళ్ళు తెచ్చింది.

"ఇన్నేళ్ళు చేశాను, నాకెప్పుడూ తట్టలేదు" అన్నారు. "ఎప్పటి నుంచి కట్టుకుంటున్నారో ఆ పొట్లాలు."

"ఇప్పుడేం చెయ్యనండీ? అంత కారాన్ని గదిలో పెట్టి తాళం వేయలేంగా."

"నేను చెప్పినవాటిలో దీనికి జవాబు లేదమ్మా. ఇక్కడి నుంచి నీదే."

ఆ మాటకి నాకు ఆయన మీద బాగా కోపమొచ్చింది. నల్లరేగడి దారిన విసవిసా నడుచుకుంటూ వచ్చాను. వస్తుంటే ఒకాయన ఇంటి ముందు ఎడ్ల కాళ్ళ మీద భార్య బిందెతో నీళ్ళు పోస్తోంది. కొత్త బండి అనుకుంటా, పసుపు రాశారు. మా వైపు బండికైనా ప్రభకైనా వారు పోయడం, అంటే ఇలా నీళ్ళు పోయడం, ఆనవాయితీ. ప్రభ కదిలే ముందు ఆ బజారు ముత్తైదువలు బిందెలతో ఎడ్ల కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. ఆ ఆలోచనతోనే ఇంటికొచ్చాను.

మర్నాడు వేరుశనక్కాయలు రెండు బానల నిండా ఉడకబెట్టి, రెండు బజార్ల ఆడవాళ్ళనీ బడి వరండాకి పిలిచాను. ఆ వరండాలో దించుడుకి ఆడవాళ్ళు కూర్చోవడం అదే మొదలు. మా అమ్మ ఒక పక్క, మా అత్తయ్య ఒక పక్క. అదే ప్రశ్న అడిగాను.

"అత్తయ్యా, కింది బజారు వాళ్ళు మిమ్మల్ని చూసి దేనికి భయపడతారు?"

అత్తయ్య బొడ్లోంచి పొట్లం తీసి చూపించింది. మా అమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీశారు. పెళ్ళికి పంచే తాంబూలాల్లా పొట్లాలు బయటపడుతుంటే ఎవరికి ముందు నవ్వొచ్చిందో గాని వరండా మొత్తం నవ్వింది.

"ఇవి తీసుకోవడానికి పిలవలేదు" అన్నాను. "మీ కారం మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటే అడుగుతున్నా. ఈ ఏడు పై బజారు ప్రభకి కింది బజారు ఆడవాళ్ళు వారు పొయ్యాలి. కింది బజారు ప్రభకి పై బజారు వాళ్ళు పొయ్యాలి. గుడి దాకా ఎడ్ల ముందే నడవాలి."

"వాళ్ళ ఎడ్లకి నేను నీళ్ళు పొయ్యాలా?" అంది అత్తయ్య.

"పోస్తే అరిగిపోతావా వదినా? నేను మీ ఎడ్లకి పోస్తాలే" అంది మా అమ్మ. తలలు పగిలిన రోజు తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదే. అత్తయ్య ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, సరే, బిందె మాత్రం నాదే తెచ్చుకుంటా అంది.

తిరునాళ్ల రోజు ఉదయం రెండు ప్రభల గడలూ నేనే లాగి చూశాను. వదులుగా ఉన్నవాటికి అక్కడికక్కడే కొత్త తాడు కట్టించాను. మధ్యాహ్నం డప్పులు మొదలయ్యాయి. మలుపు దగ్గర అనుకున్నట్టే కింది బజారు బండి చక్రం గుంటలో దిగబడి, పై బజారు ప్రభ వెనక నుంచి వచ్చి దాదాపు ఆనుకుంది. డప్పులు ఆగిపోయాయి. మా ఆయన, మా తమ్ముడు మూరెడు కర్రలతో ఎదురెదురుగా నిలబడ్డారు. కుర్రాళ్ళలో ఒకడు ప్రభలోంచి గడ లాగబోయాడు. అది రాలేదు. రెండు చేతులతో లాగాడు, అప్పటికీ రాలేదు. కట్టు గట్టిది.

అప్పుడు అందరూ ముందుకి చూశారు. తమ్ముడి ఎడ్ల ముందు మా అత్తయ్య బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. మా ఆయన ఎడ్ల ముందు మా అమ్మ ఉంది. ఏ పక్క నుంచి ఏం విసిరినా ముందు తగిలేది విసిరినవాడి తల్లికో పెళ్ళానికో. అత్తయ్య వెనక్కి తిరిగి, "ఏందిరా చూస్తన్నారు? చక్రం కిందకి రాయి పెట్టండి. ఈ బిందె బరువు నువ్వు మోస్తావా?" అని మా తమ్ముణ్ణి గద్దించింది. వాడు రాయి వెతికాడు. ఇంకో రాయి మా ఆయన తెచ్చి పక్కన పడేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. చక్రం పైకొచ్చింది. డప్పులు మోగాయి. రెండు ప్రభలూ చీకటి పడకముందే గుడి చేరాయి. ఆ ఏడు ఎస్సై సుగంధి తాగి వెళ్ళిపోయాడు.

ఊరు గట్టెక్కింది గాని నా పని అవలేదు. బావా బావమరిది ఇంకా మాట్లాడుకోలేదు. తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. మాట్లాడొద్దు, ఊరికే రా అన్నాను. పెద్ద చిక్కుని చిన్న ముక్కలు చెయ్యమని మాస్టారు చెప్పారు, అందుకని రావడాన్నీ మాట్లాడటాన్నీ విడగొట్టాను. వాడు ఆలోచించి, వస్తా గాని ముందు నేను మాట్లాడను అన్నాడు. మా ఆయన, రమ్మను గాని ముందు నేను మాట్లాడను అన్నాడు. ఎవరి మాట వాళ్ళకి దక్కింది.

ఓణీల రోజు తమ్ముడు ఆకుపచ్చ లంగా, ఎర్ర ఓణీ తెచ్చాడు. మేనకోడల్ని చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాడు. మా అమ్మాయి మేనమామ మణికట్టు వైపు ఒకసారి, నాన్న తల వైపు ఒకసారి చూసి నోరు మూసుకుంది. దానికి అప్పుడే సగం విద్య వచ్చేసిందనిపించింది. ఇద్దరు మగాళ్ళూ అక్షింతలు వేశారు. ఒక్క మాట లేదు. నాకు సంతోషంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

భోజనాల దగ్గర వాళ్ళిద్దర్నీ పక్కపక్క ఆకుల్లో కూర్చోబెట్టాను. మాస్టారు, అమ్మగారు ఎదురు వరసలో ఉన్నారు. గుత్తివంకాయ అత్తయ్య చేసింది, తనే వడ్డించింది. తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ముఖం ఎర్రబడింది. రెండో ముద్దకి కళ్ళనీళ్ళు కారాయి. పక్క ఆకులో మా ఆయనకి పొలమారింది. ఇద్దరూ ఒకేసారి ఒకరి వైపు ఒకరు తిరిగారు.

"బావా, నీళ్ళు..."

"నీళ్ళు తాగరా ముందు..."

రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరిది ముందో ఆ పంక్తిలో ఎవరూ చెప్పలేకపోయారు. మా ఆయన గ్లాసు వాడి చేతిలో పెట్టాడు. వాడు నెయ్యిగిన్నె ఈయన ఆకు వైపు జరిపాడు. ముక్కులు తుడుచుకుంటూ ఇద్దరూ నవ్వుతున్నారు. మాస్టారు నల్ల కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు.

"ఇది నేను నేర్పలేదే" అన్నారు.

"నేనూ చెయ్యలేదండి" అన్నాను. అని వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య కూర గిన్నె పక్కన కూర్చుని ఉంది. పొట్లం కట్టిన న్యూస్‌పేపర్ ముక్క ఖాళీగా, ఎర్రగా, మడత విప్పి నేల మీద పడి ఉంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"ఎన్నాళ్ళని బొడ్లో పెట్టుకు తిరగనే? అందరూ దించారుగా" అంది. "నేనూ దించేశా."